పాత సైనిక సామగ్రి: ధర, ధర్మం

ప్రశ్న: ఇరవై ఏళ్ల కిందట నేను రెండో ప్రపంచ యుద్ధకాలపు హెల్మెట్లు, వైర్‌లెస్ సెట్లు సేకరించడం మొదలుపెట్టినప్పుడు, జీతంలో కొంత మిగుల్చుకుంటే రెండు మూడు నెలలకు ఒక మంచి వస్తువు చేతికి వచ్చేది. ఇప్పుడు ధర అడగడానికే జంకుతున్నాను. ఆ వస్తువు మీద ఏ ప్రేమా లేనివాళ్లు పెట్టుబడిగా కొని దాచుకోవడం వల్లనే ఈ పరిస్థితి వచ్చిందని నా అభిప్రాయం. దీన్ని అన్యాయం అనకూడదా?

జవాబు: మీ బాధ నిజమైనదే, అయితే నిందనంతా పెట్టుబడిదారుల నెత్తిన వేస్తే లెక్క తేలదు. యుద్ధం ముగిశాక ప్రభుత్వాలు మిగులు సరుకును కారుచౌకగా వదిలించుకున్నాయి. అమెరికా యుద్ధ విమానాల్లో వాడిన ఏఆర్‌సీ-5 రకం చిన్న రేడియోలను అమెచ్యూర్ రేడియో అభిరుచి ఉన్నవారు కుప్పలుగా కొని, ముందు పలకకు కొత్త రంధ్రాలు వేసి, లోపలి తీగలు మార్చి, తమ అవసరానికి తగినట్టు మలుచుకున్నారు. పనికిరాని వాటిని విడిభాగాల కోసం విప్పేశారు. వాళ్లను తప్పుపట్టలేం, అవి అప్పటికి పాతవస్తువులు కావు, చవకగా దొరికిన పనిముట్లు. కానీ కార్ఖానా నుంచి వచ్చినట్టే చెక్కుచెదరకుండా మిగిలిన సెట్టు ఈనాడు అరుదు కావడానికి కారణం అదే. ఆనాటి చవకే ఈనాటి ప్రియానికి మూలం.

రెండో కారణం మనలోనే ఉంది. అమెరికా ఎమ్-1 హెల్మెట్లు 1941 నుంచి యుద్ధం ముగిసేలోగా 2 కోట్లకు పైగా తయారయ్యాయి. అన్ని తయారైన వస్తువుకు కొరత ఎందుకు రావాలి? ఎందుకంటే మనం కోరేది ఏదో ఒక ఎమ్-1 కాదు. అంచు అతుకు ముందువైపు ఉండాలి, గడ్డపు పట్టీ తగిలించే కొక్కెం కదలనిదై ఉండాలి, లోపలి లైనరు, పట్టీలు, రంగు ఆ కాలానివే కావాలి. ఈ హెల్మెట్లు కొరియాలోనూ వియత్నాంలోనూ మళ్లీ మళ్లీ వాడుకలోకి వెళ్లాయి, ప్రతిసారీ పట్టీలు మారాయి, కొత్త రంగు పడింది. కాబట్టి మన షరతులన్నీ తీర్చేవి వాటిలో చిన్న వాటా మాత్రమే. 1945 ప్రాంతంలో బ్రిటిష్ సైన్యం కోసం 12 కంపెనీలు చేసి ఇచ్చిన డబ్ల్యూ.డబ్ల్యూ.డబ్ల్యూ. (వాచ్, రిస్ట్, వాటర్‌ప్రూఫ్) గుర్తు చేతి గడియారాల సంగతీ అంతే. కంపెనీకి ఒకటి చొప్పున పన్నెండూ సేకరించాలన్న పట్టుదల వల్లనే, అతి తక్కువ సంఖ్యలో తయారైన గ్రానా గడియారం ధర మిగతావాటికి అందనంత ఎత్తుకు పోయింది. సమయం చూపడంలో అది మిగతా వాటికంటే గొప్పదేమీ కాదు. (ఈ పట్టుదల జబ్బు నాకూ ఉంది కాబట్టే ఇంత ధీమాగా చెప్పగలుగుతున్నాను.)

అందువల్ల ధర పెరగడాన్నే అన్యాయం అనలేను. నాకు అన్యాయంగా తోచేది వేరొకటి ఉంది. ట్యాంకుల్లో వాడిన నంబర్ 19 వైర్‌లెస్ సెట్టునే తీసుకోండి. దానికి విద్యుత్తు అందించే యూనిట్, ఏరియల్‌ను సరిచేసే వేరియోమీటర్, హెడ్‌సెట్, కేబుళ్లు, పెట్టెలు ఉంటాయి. కెనడాలో తయారైన కొన్నింటి ముందు పలక మీద ఇంగ్లిషు పక్కన రష్యన్ అక్షరాలు కూడా కనిపిస్తాయి, ఎందుకంటే అవి సోవియట్ సైన్యానికి సహాయంగా పంపడానికి చేసినవి. ఎనభై ఏళ్లు కలిసి ఉన్న ఇలాంటి సెట్టును విడగొట్టి ముక్కముక్కగా అమ్మితే మొత్తం మీద ఎక్కువ డబ్బు వస్తుంది. చట్టం దీనికి అడ్డు చెప్పదు, అయినా నేను దీన్ని తప్పే అంటాను. ఆ కేబుల్ మళ్లీ ఆ సెట్టును చేరదు, పైగా ఆ ముక్కలను ఏళ్ల తరబడి వెతుక్కునేది తక్కువ డబ్బు ఉన్న కొత్త సేకర్తే. ఇక వేలంపాటలో అమ్మేవాడి మనిషే దొంగపాట పాడి ధర పెంచడం గురించి చర్చ అక్కర్లేదు, అది మోసం.

ప్రశ్న: తెలిసిన కుటుంబంలో ఒక మాజీ సైనికుడు మరణించారు. ఆయన భార్య ఒక పెట్టె సామాను చూపించి, ఒక చిన్న మొత్తం చెప్పి, తీసుకుపొమ్మన్నారు. అడిగినంతా ఇచ్చాను. అందులోని గడియారం ఒక్కటే దానికి ఎన్నో రెట్లు చేస్తుందని నాకు అప్పుడే తెలుసు. ఆమె చెప్పిన ధరే కదా, తప్పేముంది?

జవాబు: ఇద్దరు వర్తకులు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఒకరికి ఎక్కువ తెలిసి ఉండటం ఆటలో భాగం, ఆ తెలివి ఏళ్ల శ్రమతో వచ్చింది, దానికి ప్రతిఫలం ఉండవచ్చు. ఆమె మీతో బేరానికి కూర్చోలేదు. ఆ విద్య తెలిసిన మనిషని నమ్మి మిమ్మల్నే పిలిచారు, చెప్పిన మొత్తం కూడా తెలియక చెప్పినది. మీరు అడిగారు కాబట్టి దాపరికం లేకుండా చెబుతున్నాను: తిరిగి వెళ్లి ఉన్న మాట చెప్పండి. గడియారం మీరే ఉంచుకోదలిస్తే, మరమ్మతు ఖర్చు, అమ్మడానికి పట్టే కష్టం మినహాయించుకుని, మార్కెట్ ధరలో సగానికి తగ్గకుండా ఇవ్వడం నా దృష్టిలో మర్యాద. ఆమె వద్దంటే అది ఆమె ఇష్టం, తెలిసి వదులుకున్నట్టవుతుంది.

ఇంకొక మాట. పెట్టెలో పతకాలు, ఉత్తరాలు, సర్వీసు పుస్తకం ఉంటే వాటిని విడదీయకండి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ తన సైనికులకు ఇచ్చిన యుద్ధసేవా పతకాల అంచు మీద గ్రహీత పేరు ఉండేది. రెండో యుద్ధం తర్వాత ఇచ్చినవాటిని పేరు లేకుండానే పంచింది. పేరు లేని పతకాన్ని మనిషితో కలిపి ఉంచేవి ఆ కాగితాలు మాత్రమే. అవి వేరొకరి చేతికి పోయిన మరుక్షణం ఆ పతకం లక్షల్లో ఒకటి అవుతుంది. పిల్లలో మనవలో వాటిని ఉంచుకోదలిచారేమో కూడా ముందు అడగండి.

ప్రశ్న: పాత జీపును బాగుచేస్తున్నాను. కొత్తగా చేసిన నకలు భాగాలు వేస్తే తర్వాత అమ్మేటప్పుడు మోసం చేసినట్టవుతుందా?

జవాబు: వేయడం మోసం కాదు, చెప్పకపోవడం మోసం. యుద్ధకాలంలో ఫోర్డ్ కంపెనీ తాను చేసిన జీపుల బోల్టుల మీద ‘ఎఫ్’ అక్షరం ముద్రించేది. ఇప్పుడు ఆ అక్షరంతోనే కొత్త బోల్టులు దొరుకుతున్నాయి, కాస్త తుప్పు పట్టనిస్తే అనుభవజ్ఞులు కూడా పొరబడతారు. మీరు నిజం చెప్పి అమ్మినా, మీ దగ్గర కొన్నవాడు రేపు చెప్పకపోవచ్చు. అందుకని బిగించే ముందే ప్రతి కొత్త భాగానికి లోపలివైపు, కంటికి కనిపించనిచోట, మార్చిన సంవత్సరాన్ని చెక్కండి. మార్చిన భాగాల జాబితా రాసి, ఫోటోలతో సహా బండి కాగితాలతోపాటు కొనేవారికి అందజేయండి.