టూరిస్టుగా వెళ్లి టీచర్‌గా చేరమంటున్నారు, అమ్మ బంగారం పెట్టమంటారా?

ప్రశ్న: నమస్తే సార్. నాకు 29 ఏళ్లు. ఎం.ఏ. ఇంగ్లిష్, బీఎడ్ చేశాను. తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లుగా ఇంగ్లిష్ చెబుతున్నాను. జీతం 22 వేలు, పీఎఫ్ ఉంది. అమ్మానాన్నలతో సొంతింట్లోనే ఉంటాను. నెలకు 8 వేల చొప్పున 20 నెలల చీటీ కడుతున్నాను, 13 కట్టేశాను. బస్టాండు దగ్గర ఒక కన్సల్టెన్సీ వాళ్లు థాయ్‌లాండ్‌లో నవంబరు టర్మ్‌కి ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. జీతం 25 వేల బాత్. కోర్సు, వీసా, టికెట్, ఉద్యోగం అన్నీ కలిపి 3,80,000. ముందు టూరిస్టుగా వెళ్తే అక్కడ వీసా మార్పిస్తారట. శనివారం లోపు 50 వేలు అడ్వాన్స్ కట్టాలి. అమ్మ బంగారం బ్యాంకులో పెడితే 2 లక్షలు వస్తాయి. మిగతా 1,80,000 తెలిసినవాళ్లు రెండు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. ఏడాదిలో తీర్చేయగలనని అనుకుంటున్నాను. సరైన నిర్ణయమేనా?

జవాబు: శనివారం ఆ 50 వేలు కట్టకండి. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, మీరు ఈ జవాబు చదవడం పూర్తయ్యేలోపే సీట్లు అయిపోతున్నాయని ఎవరో ఒకరు ఫోన్ చేసి తొందరపెడతారు.

వెళ్లాలన్న మీ ఆలోచనలో తప్పేమీ లేదమ్మా. నలభై మంది పిల్లలున్న క్లాసులో ఆరేళ్లు నెగ్గుకొచ్చిన టీచర్ ఏ దేశంలోనైనా పాఠం చెప్పగలదు. కానీ విదేశంలో ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగానికి చదువు ఒక్కటే చాలదు. పాస్‌పోర్ట్ ఏ దేశానిదో కూడా చూస్తారు. దక్షిణ కొరియానే తీసుకోండి. భాషా బోధనకు అక్కడ ఇచ్చే ఇ-2 వీసా ప్రధానంగా ఏడు దేశాల వాళ్లకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010లో అమల్లోకి వచ్చిన భారత్–కొరియా ఒప్పందం వల్ల టీచింగ్ అర్హత ఉన్న మనవాళ్లకు బడుల్లో సహాయ ఇంగ్లిష్ టీచర్లుగా చేరే చిన్న దారి ఒకటి తెరుచుకుంది, అంతే. చైనాలోనూ మొగ్గు మాతృభాష ఇంగ్లిష్ అయిన దేశాల వాళ్ల వైపే. ఎం.ఏ. ఇంగ్లిష్ చదివిన మనిషికి ఇది బాధ కలిగిస్తుంది, నాకు తెలుసు. కానీ నిబంధన అలా ఉంది కాబట్టి డబ్బు పెట్టే ముందే దాన్ని చూసుకోవాలి. ప్రకటనల్లో కనిపించే పెద్ద పెద్ద జీతాలు కూడా ఎక్కువగా ఆ పాస్‌పోర్టులున్న వాళ్లకే.

థాయ్‌లాండ్‌లో మనవాళ్లకు అవకాశం ఉంది. పద్ధతి మాత్రం ఇది. స్కూలు మిమ్మల్ని తీసుకున్నాక తన పత్రాలు పంపుతుంది. వాటితో మీరు ఉద్యోగానికి వెళ్లేవాళ్లకిచ్చే నాన్-ఇమిగ్రెంట్ బి వీసాకు ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తారు. అక్కడికి వెళ్లాక కార్మిక శాఖ నుంచి వర్క్ పర్మిట్ తీసుకోవాలి. టీచర్ల మండలి ఖురుసఫా నుంచి లైసెన్సు గానీ, తాత్కాలిక అనుమతి గానీ ఉండాలి. డిగ్రీ తప్పనిసరి. ఇంగ్లిష్ మాతృభాష కాని దేశాల వాళ్లను పరీక్ష స్కోరు కూడా అడుగుతారు, మామూలుగా టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 600. మీ బీఎడ్ ఇక్కడ బాగా పనికొస్తుంది. వాళ్లు ప్యాకేజీలో కలిపి అమ్ముతున్న 120 గంటల ఇంగ్లిష్ బోధన కోర్సు కంటే దాని విలువే ఎక్కువ.

టూరిస్టుగా వెళ్లి వీసా మార్చుకోవచ్చని వాళ్లు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. మార్చుకునే వీలు ఉంది. కానీ స్కూలు ఇచ్చిన పత్రాలన్నీ చేతిలో ఉంటేనే అది జరుగుతుంది. ఆ మార్పు జరిగి పర్మిట్ వచ్చేదాకా ఒక్క క్లాసు చెప్పినా చట్టవిరుద్ధమే. దొరికితే 5 వేల నుంచి 50 వేల బాత్‌ల వరకు జరిమానా వేసి దేశం నుంచి పంపేస్తారు. ఆ తర్వాత రెండేళ్లు మళ్లీ పర్మిట్ ఇవ్వరు. గడువు దాటి ఉంటే రోజుకు 500 బాత్‌ల చొప్పున 20 వేల దాకా కట్టాలి. ఇవన్నీ కట్టేది మీరు, కన్సల్టెన్సీ కాదు. నిజంగా ఉద్యోగం సిద్ధంగా ఉంటే సరైన వీసాకు ఇక్కడే ఎందుకు దరఖాస్తు చేయించడం లేదు? వాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడగండి.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. వాళ్లు చెప్పిందంతా నిజమే అనుకుని, బాత్‌ను రెండున్నర రూపాయలుగా తీసుకుందాం. 25 వేల బాత్ అంటే 62,500 రూపాయలు. వినడానికి మీ ఇప్పటి జీతానికి దాదాపు మూడింతలు. కానీ ఇక్కడ మీకు అద్దె లేదు, అన్నం ఇంట్లోనే. అక్కడ ఒక చిన్న ఊళ్లో గది, కరెంటుకు 6 వేలు, తిండికి 7 వేలు, రాకపోకలు, ఫోను, మందులు, చిల్లర ఖర్చులకు 3 వేలు వేసుకున్నా 16 వేల బాత్ అవుతుంది. ఇది పొదుపుగా ఉంటేనే. మిగిలేది 9 వేల బాత్, అంటే 22,500 రూపాయలు.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 1,80,000కు నెలకు 3,600. బ్యాంకు బంగారు రుణం ఏడాదికి 10 శాతం అనుకుంటే నెలకు 1,667. మొదటి నెల వడ్డీకే 5,267 పోతుంది. మిగిలిన 22,500ను ఒక్క రూపాయి ఇంటికి పంపకుండా మొత్తం అప్పుకే కట్టినా తీరడానికి దాదాపు 19 నెలలు పడుతుంది. మీరనుకున్న ఏడాది కాదు. పైగా అక్కడ చాలా కాంట్రాక్టులు 10 లేదా 11 నెలలవే. మార్చి, ఏప్రిల్ సెలవుల్లో కొన్ని స్కూళ్లు జీతం ఇవ్వవు. ఆ నెలల్లో మీ ఖర్చు ఆగదు, వడ్డీ అసలే ఆగదు. కాబట్టి రెండేళ్లు అని రాసుకోండి. అదే మీరు తిరుపతిలోనే ఉండి నెలకు 8 వేలు దాచుకుంటే ఆ 19 నెలల్లో లక్షన్నర పోగవుతుంది. ఇది కూడా నష్టం కిందే లెక్క.

దీనికంటే నాకు ఎక్కువ దిగులుగా ఉన్న విషయం వేరే ఉంది. అప్పు చేసి వెళ్లిన మనిషి వెనక్కి రావాలన్నా రాలేదు. చెప్పిన స్కూలు వేరు, చేర్చిన చోటు వేరు అయినా, పాస్‌పోర్ట్ తీసి దాచుకున్నా, సగం జీతమే ఇచ్చినా, ఊళ్లో రెండు రూపాయల వడ్డీ పెరుగుతోందన్న టెన్షన్‌తో నోరు మూసుకుని ఉండిపోతుంది. కంప్యూటర్ ఉద్యోగాలని నమ్మించి మన రాష్ట్రం కుర్రాళ్లను కంబోడియాకు పంపి సైబర్ మోసాల్లోకి దించిన ముఠాను 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. వాళ్లలోనూ చాలామంది ఏజెంట్లకు డబ్బు కట్టి వెళ్లినవాళ్లే. మీ కన్సల్టెన్సీ అలాంటిదేనని నేను అనడం లేదు. టూరిస్టుగా దిగి, నెత్తిన అప్పుతో, చేతిలో పర్మిట్ లేకుండా ఉన్న మనిషిని ఎవరైనా ఎటైనా తిప్పగలరు. మిమ్మల్ని ఆ స్థితిలో ఊహించుకోవడమే నాకు కష్టంగా ఉంది.

ఏజెంట్ ఎంత తీసుకోవచ్చో కూడా మన ప్రభుత్వం నిర్ణయించింది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, విదేశాలకు ఉద్యోగులను పంపేవాళ్లు విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయ్యుండాలి. ఉద్యోగి దగ్గర తీసుకునే సర్వీసు చార్జీ 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించకూడదు. రిజిస్టర్ అయినవాళ్ల జాబితా ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అందరికీ కనిపిస్తుంది. ఆ కన్సల్టెన్సీ పేరు, లైసెన్సు నంబరు అందులో వెతకండి. పేరు లేకపోతే ఇక మాట్లాడేదే లేదు. ఉంటే, 3,80,000లో దేనికెంతో విడివిడిగా రాసి రసీదు ఇమ్మనండి. ‘కోర్సు ఫీజు’ అని రాసి ఉద్యోగం ఇప్పించినందుకు డబ్బు లాగడం పాత అలవాటు, ఆ మాట దగ్గర ఆగి చూడండి. మన రాష్ట్ర ప్రభుత్వానికే ఓంక్యాప్ అనే విదేశీ నియామకాల సంస్థ ఉంది, ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్‌ఆర్‌టీ ఉంది. డబ్బు చేతులు మారకముందే వాళ్లను అడగడానికి ఒక ఫోన్ కాల్ చాలు.

మరి వెళ్లకూడదా అంటే, వెళ్లండి. నవంబరులో కాదు, మే నెలలో. థాయ్ బడుల్లో కొత్త విద్యా సంవత్సరం మే మధ్యలోనే మొదలవుతుంది. మీ చీటీకి ఇంకా ఏడు కంతులున్నాయి, అది ఏప్రిల్‌కి అయిపోతుంది. తొందరపడి మధ్యలో పాడుకుంటే కసరు కింద కొంత సొమ్ము పోతుంది, చివరిదాకా ఆగండి. కమిషన్ పోను లక్షన్నరకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. అది రిజిస్టర్ అయిన చీటీయేనా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. సరైన దారిలో వెళ్లడానికి మీకు కావలసింది ఆ డబ్బే.

ఎలాగంటే, ఇంగ్లిష్ పరీక్షకు ఐఈఎల్‌టీఎస్ రాసినా 18 వేల దగ్గర అవుతుంది. ఏ పరీక్ష చెల్లుతుందో స్కూలును అడిగాకే ఫీజు కట్టండి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు పాస్‌పోర్ట్ సేవలో 500. మన ఊళ్లోనే సేవా కేంద్రం ఉంది కాబట్టి విజయవాడ పోనక్కర్లేదు. డిగ్రీ, బీఎడ్ సర్టిఫికెట్లను ముందు రాష్ట్ర విద్యా శాఖ, తర్వాత విదేశాంగ శాఖ, ఆ దేశానికి అవసరమైతే ఎంబసీ ధ్రువీకరించాలి. పత్రం అసలైనదేనని విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్రకు ఫీజు పత్రానికి 50 రూపాయలే. మధ్యలో ఉన్నవాళ్లే దాన్ని వేలు చేస్తారు. తిరగడాలు, అనువాదాలు కలిపి 12 వేలు ఉంచండి. వీసా ఫీజు 2 వేల బాత్, పర్మిట్ ఏడాదికి 3 వేల బాత్. పర్మిట్ ఫీజును చాలా స్కూళ్లు తామే కడతాయి, అడగండి. చెన్నై నుంచి బ్యాంకాక్ టికెట్‌కు 15 వేలు. గది అడ్వాన్సుకు, మొదటి జీతం వచ్చేదాకా తిండికి 60 వేలు. అన్నీ కలిపితే లక్షా పాతిక వేల లోపే తేలుతుంది. ఇంట్లో దాచే 8 వేలతో పోలిస్తే అక్కడ నెలకు 14,500 అదనంగా మిగులుతుంది కాబట్టి ఆ ఖర్చు తొమ్మిది నెలల్లో తిరిగొస్తుంది. అమ్మ బంగారం బీరువాలోనే ఉంటుంది.

ఈ ఏడు నెలల్లో ఇంకో వైపు కూడా ప్రయత్నించండి. అసలు నా ఓటు దానికే. రాయచోటి, రాజంపేట వైపు గల్ఫ్ సంగతి తెలియని ఇల్లుండదు కానీ, టీచర్లకు కూడా అక్కడ చోటుందని మన దగ్గర తక్కువమంది ఆలోచిస్తారు. యూఏఈ, ఒమన్, కువైట్‌లలో సీబీఎస్‌ఈ స్కూళ్లున్నాయి. వాటికి కావలసింది మీలాంటివాళ్లే: బీఎడ్, సబ్జెక్టులో పీజీ, నాలుగైదేళ్ల అనుభవం. అక్కడ మన పాస్‌పోర్ట్ లోటు కాదు. యూఏఈలో జీతంపై ఆదాయపు పన్ను లేదు. నియామకం ఖర్చులను ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదని అక్కడి 2021 కార్మిక చట్టమే చెబుతోంది. మాల్దీవులు కూడా ఎన్నో ఏళ్లుగా మన టీచర్లను తీసుకుంటోంది. ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌లోనే జరుగుతాయి, కాబట్టి దరఖాస్తు చేయడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు.

పన్ను సంగతి క్లుప్తంగా చెబుతాను. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఉండే ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే పన్ను లెక్కకు మీరు రెసిడెంటే, అంటే ఇక్కడి నివాసే. నవంబరు 1న వెళ్తే అప్పటికే 214 రోజులు అయిపోయి ఉంటాయి కాబట్టి ఆ ఏడాది థాయ్ జీతాన్ని కూడా ఇక్కడి రిటర్నులో చూపాలి, అక్కడి బ్యాంకు ఖాతా వివరాలూ రాయాలి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది కాబట్టి మీకు పన్ను పడకపోవచ్చు, కానీ రాయడం తప్పదు. మే నెలలో వెళ్లి ఉద్యోగంలో కొనసాగితే ఆ ఏడాదికి నాన్-రెసిడెంట్ అవుతారు, అక్కడ అందుకున్న జీతంపై ఇక్కడ పన్ను ఉండదు. వెళ్లాక బ్యాంకుకు చెప్పి ఇప్పటి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (విదేశాల్లో ఉండేవాళ్ల ఇక్కడి డబ్బుకు ఉండే ఖాతా) మార్పించండి, అక్కడి నుంచి పంపే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి. దాని మీద వడ్డీకి ఇక్కడ పన్ను లేదు.

పీఎఫ్ తీసేసి ఖర్చులకు వాడుకోమని ఎవరైనా సలహా ఇస్తారు. వద్దు. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, మీకు ఆరేళ్లు అయింది. స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే ఆ ఆరేళ్లు నిలిచి ఉంటాయి, తిరిగొచ్చి ఇక్కడ చేరినప్పుడు కలుస్తాయి.

ఈ వారం రెండు పనులు చేయండి. ఈ-మైగ్రేట్‌లో ఆ పేరు వెతకండి. వాళ్లు చెబుతున్న థాయ్ స్కూలు పేరు, జీతం, పర్మిట్ ఎవరు తీస్తారన్నది స్కూలు లెటర్‌హెడ్ మీద అడగండి. ఆ కాగితం వస్తే నాకు పంపండి, చదివి చెబుతాను. రాకపోతే, తెలిసినవాళ్లకు ఫోన్ చేసి ఆ 1,80,000 అక్కర్లేదని చెప్పేయండి.