పాత ఇంగ్లీష్ గడియారం డయల్ మీద ఉన్న పేరు దాన్ని చేసినవాడిదేనా?

చాలాసార్లు కాదు. మీరు వేలంలో చూసిన నిలువు గడియారం (ఇంగ్లాండ్‌లో లాంగ్‌కేస్ అంటారు) డయల్ మీద ఉన్న పేరు తయారీదారుల్లో ఎక్కడా దొరకలేదని టెన్షన్ పడుతున్నారు కదా, ఆ ఒక్క కారణంతో దాన్ని వదులుకోకండి. ముఖ్యంగా తెల్ల రంగు వేసిన డయల్ ఉన్నవాటిలో ఆ పేరు చాలావరకు దాన్ని అమ్మిన ఊళ్ళో గడియారాల షాపతనిది.

నేను యార్క్‌షైర్‌లో ఉంటాను, మా హాల్లో అలాంటిదే ఒకటి ఉంది. మూలల్లో పువ్వుల బొమ్మలు, వారానికోసారి కీ ఇస్తే చాలు. శుభ్రం చేయించడానికి ఇచ్చినప్పుడు రిపేరు చేసే పెద్దాయన డయల్ విప్పి నన్ను పిలిచి చూపించారు. డయల్‌కీ యంత్రానికీ మధ్య ఒక పోత ఇనుప పలక, దాని మీద విల్సన్ అని ఉబ్బెత్తు అక్షరాలు. ఆ విల్సన్ బర్మింగ్‌హామ్‌లో డయళ్ళు చేసి దేశమంతా అమ్మినవాడు, 1772లో ఆస్బర్న్‌తో కలిసి ఇలాంటి రంగు డయళ్ళ వ్యాపారం మొదలుపెట్టాడు. అంటే ముందు కనిపించే పేరు ఒకరిది, డయల్ ఇంకొకరిది, చెక్క పెట్టె ఏ వడ్రంగిదో. ఇక యంత్రం ముందు పలక మీద తరతరాలుగా రిపేరు చేసినవాళ్ళు సన్నగా గీసుకున్న పేర్లు, తేదీలు ఉన్నాయి. నాకైతే డయల్ మీది పేరు కంటే అవే ఎక్కువ విలువైనవి.

అప్పట్లో పని అలాగే జరిగేది. లాంకషైర్‌లోని ప్రెస్కట్ చుట్టుపక్కల ఊళ్ళలో పనిముట్లు, విడిభాగాలు చేసేవాళ్ళు. లండన్ క్లర్కెన్‌వెల్‌లో చక్రాలకు పళ్ళు కోసేవాడు వేరు, ముళ్ళు చేసేవాడు వేరు, ఇత్తడి మీద చెక్కేవాడు వేరు. అక్కడి థ్వైట్స్ లాంటివాళ్ళు మొత్తం యంత్రమే తయారుచేసి ఇస్తే వేరేవాళ్ళు తమ పేరు వేసి అమ్ముకునేవాళ్ళు. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం కూడా కుక్ అండ్ కెల్వీ పేరుతోనే ప్రసిద్ధి, వాళ్ళేమో కలకత్తాలో వ్యాపారులు.

అయితే పేరుకే విలువ ఉన్న సందర్భాలూ ఉన్నాయి. లండన్‌లో పేరుమోసిన గడియారాల తయారీదారు థామస్ టాంపియన్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఒక కమ్మరి కొడుకు, 1639లో పుట్టాడు. 1676లో గ్రీనిచ్ అబ్జర్వేటరీకి ఆయన చేసిన రెండు గడియారాలు ఒక్కసారి కీ ఇస్తే ఏడాది నడిచేవి, లోలకం పొడవు 13 అడుగులు! ఆయన దగ్గరా పనివాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు, కానీ తన గడియారాల్లో చాలావాటికి వరుస నంబరు వేసి పంపేవాడు, అందుకే ఈ రోజుకీ వాటి లెక్క తీయగలుగుతున్నారు. ఆయన దగ్గర పనిచేసి, తర్వాత భాగస్వామి అయిన జార్జ్ గ్రాహం కూడా అంతటివాడే, ఇద్దరినీ వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఒకే సమాధిలో పెట్టారు. ఇక జాన్ హారిసన్ అసలు వడ్రంగి. లింకన్‌షైర్‌లోని బ్రాక్లెస్బీ పార్క్ అనే ఎస్టేట్ గుర్రపుశాల మీద ఆయన సుమారు 1722లో పెట్టిన గడియారం చక్రాలు చెక్కవే, నూనె అక్కర్లేని చెక్క ఎంచుకుని చేశాడు, అది ఇప్పటికీ నడుస్తోంది. ఇలాంటి పెద్ద పేరు తక్కువ ధరకి కనిపిస్తే మాత్రం అనుమానించండి, ఆ పేర్లతో నకిలీలు చాలానే ఉన్నాయి.

మీరు కొనేముందు చూడాల్సింది వేరే ఉంది: యంత్రం, డయల్, పెట్టె మొదటినుంచీ కలిసి ఉన్నవేనా? ఒకదాని యంత్రం తెచ్చి ఇంకోదాని పెట్టెలో కూర్చోబెట్టడం ఇక్కడ ఎంత మామూలంటే దానికి మ్యారేజ్ అని పేరే పెట్టారు. పై తలుపు తీయించి డయల్ చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూడండి. యంత్రం కింద చెక్కకి కొత్త ముక్కలు అతికించారేమో, ఇనుప పలకలో వాడని బెజ్జాలు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. అమ్మేవాళ్ళు చూడనివ్వకపోతే వదిలేయండి.

కొన్నాక ఇంటికి తెచ్చేటప్పుడు లోలకం, బరువులు తప్పకుండా విడిగా తీయించండి, లోలకాన్ని వేలాడదీసే ఉక్కు రేకు చాలా పలచగా ఉంటుంది, ఇట్టే విరుగుతుంది. పెట్టెని వెనక గోడకి స్క్రూతో బిగించండి, లేకపోతే బరువులు కిందికి దిగేకొద్దీ పెట్టె లోలకంతో పాటు ఊగి గడియారం ఆగిపోవచ్చు. టిక్ టిక్ మధ్య విరామం రెండు వైపులా సమానంగా వినిపించేదాకా సరిచేయించండి. డయల్‌కి మాత్రం కొత్త రంగు వేయించకండి, ఎవరు ఎంత చెప్పినా సరే.