కూతురు ఇచ్చిన లిస్టు సంక్రాంతికి పూర్తవుతుందా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. మాది గుంటూరు. మావారిది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ఒక్కతే కూతురు, 24 ఏళ్లు, బెంగళూరులో ఉద్యోగం. దసరాకి వచ్చినప్పుడు నా ఫోన్‌లో యాప్‌లు వేసి, చూడాల్సిన సిరీస్‌ల లిస్టు రాసిచ్చింది. ఫ్రెండ్స్, గేమ్ ఆఫ్ థ్రోన్స్, బ్రేకింగ్ బ్యాడ్, ఇంకో కొరియన్ సిరీస్. ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఎంతవరకు వచ్చావని అడుగుతుంది. నేను నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటే రోజుకు రెండున్నర గంటలు కుదురుతోంది. సబ్‌టైటిల్స్ ఆపి ఆపి చదువుకోవాలి, అందుకే లేటు. మావారు "ఈ వయసులో ఏం పరీక్ష రాస్తున్నావు" అని వెక్కిరిస్తారు. పిల్ల సంక్రాంతికి వచ్చేలోపు అన్నీ పూర్తవ్వాలంటే రోజుకు ఎన్ని గంటలు పెట్టుకోవాలి? ఇవి కూడా చూడకపోతే అది నాతో ఏం మాట్లాడుతుంది చెప్పండి. సంబంధాల మాటెత్తితే ఫోన్ పెట్టేస్తుంది. చిన్నప్పుడు మొగలిరేకులు చూస్తూ నా ఒళ్లోనే నిద్రపోయేది.

జవాబు: ముందు లెక్క తేల్చేస్తాను, ఆ టెన్షన్ వదిలిపోతుంది. ఫ్రెండ్స్ 236 ఎపిసోడ్లు, ఒక్కోటి 22 నిమిషాలు అనుకున్నా 86 గంటలు దాటుతుంది. గేమ్ ఆఫ్ థ్రోన్స్ 73 ఎపిసోడ్లు, సుమారు 70 గంటలు. బ్రేకింగ్ బ్యాడ్ 62 ఎపిసోడ్లు, 50 గంటలకు కాస్త తక్కువ. కొరియన్‌ది పక్కన పెట్టినా 200 గంటల పైమాటే. మీరు ఆపి ఆపి చదువుతారు కాబట్టి 22 నిమిషాల ఎపిసోడ్ మీకు 40 నిమిషాలు పడుతుందనుకోండి, మొత్తం ఇంచుమించు రెట్టింపవుతుంది. రోజుకు రెండున్నర గంటల చొప్పున చూస్తే ఉగాది దాటిపోతుంది. కొందరు ఒకటిన్నర స్పీడులో పెట్టి చూస్తారు, సబ్‌టైటిల్స్ చదివేవాళ్లకు అది పనికిరాదు. సంక్రాంతికి అవదు. మీ ప్రశ్నకు నా జవాబు ఇంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో గంటల గురించి రాసిందంతా ఒక ఎత్తు, "అది నాతో ఏం మాట్లాడుతుంది" అన్న ఒక్క మాట ఒక ఎత్తు. కన్నకూతురు మీతో మాట్లాడాలంటే మీరు సిలబస్ పూర్తి చేయాలా? ఎవరు పెట్టారమ్మా ఈ రూలు?

పిల్ల పెట్టిందని మీరనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. మీది గుంటూరు కాబట్టి, ఈ పిల్లకు పదో తరగతి అయ్యాక ఏం జరిగి ఉంటుందో నేను ఊహించగలను. పదిహేనేళ్లకు పెట్టె సర్ది రెసిడెన్షియల్ కాలేజీలో దించి వచ్చుంటారు. అక్కడ రెండేళ్లు, ఆ తర్వాత ఇంజినీరింగ్ ఇంకో ఊళ్లో నాలుగేళ్లు, ఆపైన ఉద్యోగం. అంటే మీ ఒళ్లో నిద్రపోయిన పిల్ల మీ ఇంట్లో ఉండి తొమ్మిదేళ్లవుతోంది. ఆ కాలేజీ రోజుల్లో ఆదివారం ఫోన్ చేసినప్పుడు మనమంతా ఏం అడిగేవాళ్లం? వీకెండ్ టెస్టులో ఎంత వచ్చింది, ర్యాంకు ఎంత, పోయిన వారం కంటే ఎందుకు తగ్గింది. అన్నం సహించిందా అన్న మాట చివర్లో వచ్చేది, అప్పటికి వెనక లైన్లో పిల్లలు తోస్తూ ఉండేవాళ్లు. ఆదివారం ఫోన్ అంటే ప్రోగ్రెస్ కార్డు చదవడమేనని ఆ పిల్ల మన దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడు ఉద్యోగస్తురాలయ్యాక అదే ఆదివారం, అదే పద్ధతి, "ఎంతవరకు వచ్చావమ్మా?" అని. పాపం దానికి ఇంకో పద్ధతి తెలీదు. మీకూ తెలీదు కాబట్టే నోట్‌బుక్ పెట్టారు.

మీ తప్పని అనడం లేదు. మన జిల్లాల్లో ఎవరింట చూసినా ఇదే కథ. కానీ ఫలానా ఎపిసోడ్ దాకా వచ్చానని చెబితేనే నాకు రెండు మాటలు దక్కుతాయి అని ఒక తల్లి భయపడుతూ కూర్చోవడం మాత్రం నాకు నచ్చదు. పిల్లల దగ్గర తల్లికి అణకువ అక్కర్లేదు. వాళ్లతో సమానంగా ఉండటానికి వాళ్లు చూసినవన్నీ చూడక్కర్లేదు.

అలాగని మీ అమ్మాయిని తక్కువ చేయకండి. గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో ఏముంటుందో మీరు ఈపాటికి చూసే ఉంటారు, ఆ వివరాలు నేనెత్తను. తల్లి పక్కన కూర్చుని చూడలేని సిరీస్‌ని తల్లికే రాసిచ్చిందంటే, మీరు దాన్ని చంటిపిల్లలా కాకుండా స్నేహితురాలిలా చూడాలని కోరుకుంటోందన్నమాట. ఆ పిల్ల తలుపు తీసే ఉంచింది. మీరు లోపలికి వెళ్లకుండా గడపలో కూర్చుని లెక్కలు రాసుకుంటున్నారు.

సంబంధాల మాటెత్తితే ఫోన్ పెట్టేస్తుందన్నారు. పెట్టేయదా మరి? చిన్నప్పుడు ర్యాంకు, ఇప్పుడు పెళ్లి. రెండూ పిల్ల ఎంతవరకు వచ్చిందని అడగడమే కదా. కొన్నాళ్లు ఆ విషయం ఫోన్‌లో ఎత్తకండి. సంబంధాలు చూడొద్దని కాదు, చూడండి. ఎదురుగా కూర్చున్నప్పుడు మాట్లాడండి.

వచ్చే ఆదివారం అది అడగగానే "రెండో సీజన్‌లో ఆగిపోయాను, నిద్ర చాలడం లేదు, ఇక తీరిక దొరికితేనే చూస్తా" అని చెప్పండి. క్షమాపణలా కాదు, మామూలుగా. తర్వాత మీ సంగతేదైనా చెప్పండి. మీ ఉత్తరంలో లిస్టు ఉంది, ఆయన వెక్కిరింపు ఉంది, పిల్ల ఉంది. మీరు మాత్రం ఎక్కడా లేరు. పగలు ఎవరితో మాట్లాడతారు, ఏం చదువుతారు, దేనికి నవ్వుకుంటారు అన్నది ఒక్క ముక్క రాయలేదు. కూతురికి మాత్రం ఎలా తెలుస్తుంది? మొదట్లో రెండు నిమిషాలు ఇద్దరూ తడబడతారు. పర్వాలేదు, ఆ తడబాటుకి భయపడి మళ్లీ సిరీస్‌లోకి దూరకండి.

సిరీస్‌లు మానేయమనడం లేదు. ఫ్రెండ్స్ మీకు నచ్చితే చూడండి. అది అమెరికాలో 1994 నుంచి 2004 దాకా పదేళ్లు వారానికొకటి చొప్పున వచ్చింది. అక్కడి జనం పదేళ్లు తీరిగ్గా చూసినదాన్ని మీరు రెండు నెలల్లో మింగాల్సిన అవసరం లేదు. మొగలిరేకులు మాత్రం? 2008 నుంచి 2013 దాకా రోజూ అరగంట. ఎప్పటికి పూర్తవుతుందని మీరు ఏనాడైనా లెక్కేశారా? పిల్ల పక్కనుంది కాబట్టి లెక్క గుర్తు రాలేదు.

ఒక ఎపిసోడ్ అవగానే ఇంకోటి దానంతట అదే మొదలయ్యే ఏర్పాటు యాప్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, అది ఆపేయండి. పదిన్నరకల్లా ఫోన్ పక్కన పెట్టండి. మీ వయసులో ఒంటిగంట దాకా మేలుకుని మళ్లీ తెల్లారి లేస్తే బీపీ వచ్చినా రావచ్చు, అప్పుడు ఆదివారం మాట్లాడుకోవడానికి మాత్రలు దొరుకుతాయి.

మీవారి గురించి ఎక్కువ రాయను. వెక్కిరించే మనిషి పక్కన కూర్చుని ఒక్క ఎపిసోడ్ చూస్తే తెలిసేది. ఆ మాట ఆయనకు చెప్పండి, నవ్వుతూనే.

చివరిగా, సంక్రాంతి దాకా ఎందుకు ఆగాలి? గుంటూరు నుంచి బెంగళూరు ఒక రాత్రి ప్రయాణం. కొత్త కాయ ఇంకా యార్డుకు రాలేదు, ఆయనకూ ఇది పీక్ సీజన్ కాదు, నాలుగు రోజులు పచ్చడేసుకుని తినగలరు. అది ఆఫీసుకు వెళ్తే వెళ్లనివ్వండి. ఇల్లు సర్దేయకండి, ఫ్రిజ్ చూసి నిట్టూర్చకండి, రూమ్మేట్ కులం అడగకండి. సాయంత్రం వచ్చాక "నీకు బాగా నచ్చిన ఎపిసోడ్ పెట్టు" అనండి. అర్థం కానిచోట ఆపమనండి, అదే చెబుతుంది.

మీరు వస్తానన్నప్పుడు "ఇప్పుడెందుకులే అమ్మా" అంటే ఆ పూట బాధపడండి. డిసెంబర్‌లో మళ్లీ అడగండి.