సీతాకోకచిలుకను మీరు గీసి చూపించకండి

ఐదేళ్ల పాపకు సీతాకోకచిలుకల తోట బొమ్మ నేర్పుతున్నామనీ, మీరు గీసి చూపించినట్టుగా తనకు రావడం లేదని పాప కాగితాలు చింపేస్తోందనీ, ఏది ముందు, ఏది తర్వాత నేర్పాలో చెప్పమనీ అడిగారు. ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు కొన్నేళ్లుగా బొమ్మలు నేర్పుతున్న అనుభవంతో చెబుతున్నాను. క్రమం సంగతి తర్వాత చూద్దాం, ముందు మీరు గీసి చూపించడం మానేయండి.

మొదట్లో నేనూ ఆ పొరపాటే చేశాను. బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి, దానికి కుడివైపు 3 అంకె, ఎడమవైపు అదే అంకెను తిరగేసి వేసి, పైన రెండు మీసాలు పెట్టాను. పిల్లలందరూ రెండు నిమిషాల్లో నేర్చేసుకుంటే సంబరపడ్డాను కూడా. ఆ తర్వాత చాలాకాలం ఎవరిని ఏ తోట గీయమన్నా అందులో అవే అంకెలు ఎగురుతూ కనిపించేవి. ఒకరోజు కిటికీ ఊచ మీద నిజమైన సీతాకోకచిలుక వాలి, రెక్కలు వీపు మీదికి నిలువుగా మూసుకుని కూర్చుంది. ఆరేళ్ల పిల్లవాడొకడు దాన్ని కన్నార్పకుండా చూసి, "దీనికి సగం లేదు" అన్నాడు. వాలినప్పుడు చాలా సీతాకోకచిలుకలు అలాగే కూర్చుంటాయి. వాడి కళ్లు బాగానే ఉన్నాయి, వాటికి అడ్డంగా నిలబడింది నేను వేసిన బొమ్మే.

అప్పటినుంచి పెన్సిలు ముట్టుకోకముందు చూడటానికే పది నిమిషాలు కేటాయిస్తున్నాను. నిజమైనది దొరకకపోతే పెద్ద ఫొటో చాలు. రెక్కలు ఎన్ని, అవి ఎక్కడి నుంచి మొలిచాయి, మీసాల చివర ఏముంది అని మాత్రమే అడుగుతాను. వీటిలో రెండో ప్రశ్నే అసలైనది. పిల్లలు సాధారణంగా రెక్కలను తల నుంచి తోక దాకా శరీరమంతటికీ అతికిస్తారు, నిజానికి నాలుగు రెక్కలూ, ఆరు కాళ్లూ మధ్య భాగమైన ఛాతీ నుంచే వస్తాయి. "నీ చేతులు పొట్ట దగ్గర మొలిచాయా?" అని అడిగితే వాళ్లు పకపకా నవ్వి, తమ భుజాలు తడుముకుని, మళ్లీ ఫొటో వంక చూస్తారు. మీసాల చివర అగ్గిపుల్ల తలలాంటి చిన్న ఉబ్బు ఉందని వాళ్లంతట వాళ్లే కనిపెట్టిన రోజున ఆ ఉబ్బు కంటి కంటే పెద్దదిగా వస్తుంది. దాన్ని సరిదిద్దకండి.

ఆ తర్వాత ముందు శరీరం, దాని తర్వాత పై రెక్కలు, చివర కింది రెక్కలు అనే వరుసలో గీయిస్తాను. అరచేతి కంటే చిన్నగా గీయకూడదన్నదొక్కటే నేను పెట్టే షరతు, ఎందుకంటే ఈ వయసులో చేయి మణికట్టు దగ్గర కంటే భుజం నుంచే హాయిగా కదులుతుంది. రబ్బరు ఇవ్వను. రబ్బరు చేతిలో ఉన్న పిల్లలు గీసిన దానికంటే చెరిపేదే ఎక్కువ.

రెండు వైపులా ఒకేలా రావడం లేదని పాప బాధపడుతుంటే, కాగితాన్ని మధ్యకు మడిచి, విప్పి, ఒక సగం మీద మాత్రమే రంగు పెట్టించి, తడి ఆరకముందే మళ్లీ మూసి నొక్కమనండి. నేను మొదటిసారి డబ్బాలోని రంగులన్నీ ముందు పెట్టాను, విప్పి చూస్తే ప్రతి కాగితంలోనూ బురద రంగు రెక్కలే. ఇప్పుడు ఒక్కొక్కరికి రెండే రంగులిస్తాను. పసుపు, ఎరుపు ఇస్తే కలిసిన చోట నారింజ వస్తుంది, పసుపు, నీలం ఇస్తే ఆకుపచ్చ వస్తుంది, ఈ రెండింటిలో ఏ జత ఇచ్చినా రెక్క పాడవదు.

ఇక తోట. దీన్ని వేరే కాగితం మీద వేయించమనే నా సలహా. తోట గీశాక సీతాకోకచిలుకలకు చోటు మిగలక పిల్లలు వాటిని మూలల్లో ఇరికిస్తారు. విడిగా గీసిన వాటిని కత్తిరించి, రెక్కలను కాస్త పైకి మడిచి, శరీరానికి మాత్రమే జిగురు రాసి అతికిస్తే రెక్కలు కాగితం మీంచి లేచి నిలబడతాయి, అతికించే ముందు ఏ పువ్వు మీద బాగుందో అటూ ఇటూ జరిపి చూసుకోవచ్చు కూడా. పూలన్నీ కాగితం అడుగు అంచు మీద వరుసగా నిలబడ్డాయని, ఆకాశం పైన నీలిగీతగా మిగిలిందని కంగారు పడకండి. నేలను ఒక గీతగా చూడటం ఈ వయసుకు సహజం, దూరం దగ్గరల పాఠం ఇంకొన్నేళ్లు ఆగగలదు.

నాకు తోటలో ఇష్టమైన భాగం ఆకులు. సీతాకోకచిలుక పువ్వు దగ్గరికి తేనె కోసం వస్తుంది కానీ గుడ్లు చాలావరకు ఆకుల మీదే పెడుతుంది, పైగా చాలా జాతులకు తమకు సరిపడే కొన్ని రకాల మొక్కలే కావాలి. కొన్నింటికి జిల్లేడు, కొన్నింటికి నిమ్మ. ఈ మాట చెప్పి, "మరి గొంగళిపురుగు ఏం తింటుంది?" అని అడగండి. అంతవరకూ నున్నగా ఆకులు గీసిన పిల్లలు ఒక్కసారిగా అంచులు కొరికేయడం మొదలుపెడతారు. ఏడేళ్ల అమ్మాయి ఒకసారి ఆకు మొత్తాన్నీ కొరికేసినట్టు ఈనెలు మాత్రం మిగిల్చి, పక్కన ఉబ్బిపోయిన ఆకుపచ్చ పురుగును పడుకోబెట్టి, "తిని తిని నిద్రపోయింది" అని చెప్పింది. అందంగా గీయాలన్న భయం ఆ కొరికిన ఆకుల దగ్గరే పోతుందని గమనించాను. అందుకే కాగితాలు చింపే మీ పాపలాంటి పిల్లలతో నేను రెక్కల కంటే ముందు పురుగుతోనే మొదలుపెడతాను. నాలుగైదు సున్నాలు పక్కపక్కన పెడితే పురుగు తయారవుతుంది, అందులో ఒక సున్నా వంకరపోతే అది నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

"నాకు రాదు, నువ్వే వెయ్యి" అని మీ చేతికి పెన్సిలు ఇస్తే, పాప కాగితం మీద మాత్రం ఒక్క గీత కూడా వేయకండి. పక్కన కూర్చుని మీ కాగితం మీద మీ ఆకు మీరు కొరుక్కోండి.