కలిసి పెరిగిన మరదలి మీద ప్రేమ ఎందుకు పుట్టదు?

"మేనత్త కూతురితో ఒకే ఇంట్లో పెరిగాను, ఇప్పుడు పెద్దవాళ్లు పెళ్లంటున్నారు, నాకేమో చెల్లెల్ని చూసినట్టే ఉంది, నాలో ఏదైనా లోపమా?" అని అడిగారు. లోపం కాదండీ. కావలిలో మా ఇంట్లోనూ ఇదే కథ.

మామ కువైట్ పోవడంతో అత్త నెలల పిల్లను ఎత్తుకుని మా ఇంటికొచ్చేసింది. ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం. అమ్మ మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి పేల దువ్వెనతో దువ్వుతుంటే, ఎవరి తలలో ఎక్కువ పడ్డాయా అని కొట్టుకునేవాళ్లం. వీధిలో అందరూ "ఏరా, నీ పెళ్లాం ఏది?" అని ఏడిపించినా ఆ పిల్ల మీద ఆ దృష్టి ఏనాడూ కలగలా. ఒంగోలు మేనమామ కూతురు సంక్రాంతికి వస్తోందంటే మాత్రం అద్దం వదిలేవాణ్ణి కాదు! రక్తం లెక్కలో ఇద్దరూ సమానమే, ఇద్దరితోనూ నాకు సుమారు 12.5 శాతం జన్యువులు ఉమ్మడి.

అంటే మెదడు చూసేది వరసను కాదు, పసితనంలో పక్కన ఎవరున్నారని. ఫిన్లాండ్ పండితుడు ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ 1891లోనే ఈ మాటన్నాడు. తోబుట్టువులకు పుట్టే పిల్లల్లో జన్యులోపాల ముప్పు ఎక్కువ. తోబుట్టువెవరో చెప్పడానికి ఆదిమానవుడికి రేషన్ కార్డు లేదు కదా, కలిసి పెరగడమే గుర్తు.

తైవాన్‌లో ఒకప్పుడు కాబోయే కోడల్ని పసిగుడ్డుగా ఉన్నప్పుడే తెచ్చుకుని కొడుకుతో పాటే పెంచేవాళ్లు. ఆర్థర్ వోల్ఫ్ అనే మానవశాస్త్రవేత్త అక్కడి పాత రిజిస్టర్లు తిరగేస్తే, పెద్దయ్యాక కాపురానికొచ్చిన కోడళ్లతో పోలిస్తే ఈ జంటల్లో విడాకులు ఎక్కువ, పిల్లలు తక్కువ అని తేలింది. పిల్ల మూడేళ్లలోపే ఆ ఇంట్లో అడుగుపెట్టి ఉంటే మరీను. ఇజ్రాయెల్‌లో కిబ్బుట్జ్‌లనే ఉమ్మడి వ్యవసాయ పల్లెల్లో ఒకప్పుడు ఒకే శిశుగృహంలో పెరిగినవాళ్ల మధ్య కూడా, ఎవరూ వద్దనకపోయినా, పెళ్లిళ్లు చాలా అరుదు.

ఇదంతా సగటు మాట లెండి. అట్టా పెరిగి, చేసుకుని, హాయిగా కాపురం చేస్తున్నవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు.

ఇంట్లో "పిల్ల నచ్చలేదు" అని మాత్రం అనకండి, అత్తకు తగిలేది ఆ మాటే. ముందు మీ మరదల్ని విడిగా అడగండి. మా ఇంట్లో ఆ పిల్లే "వాడితోనా? ఛీ!" అని పకపకా నవ్వడంతో అత్త ఇక ఆ ఊసెత్తలేదు.