వరిగడ్డితో ఇంటి దగ్గరే ఇథనాల్ తీయొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర సార్, ఎనిమిదెకరాల యాసంగి వరి. హార్వెస్టర్‌తో కోయించిన, గడ్డంతా మడిలనే పడి ఉంది. గడ్డితోని ఇథనాల్ తీసి పెట్రోల్‌ల కలుపుతున్నరంట కదా, ఒకాయన వచ్చి మినీ ప్లాంట్ పెట్టిస్తా, 2 లక్షలు అడ్వాన్స్ కట్టు అంటున్నడు. కట్టాల్నా? లేకుంటే అందరి లెక్క అంటుపెట్టాల్నా?

జవాబు: అడ్వాన్స్ మాత్రం కట్టకండి అన్నా, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

గడ్డితో ఇథనాల్ వస్తుంది, అది అబద్ధం కాదు. హర్యానాలో పానిపట్ దగ్గర ఇండియన్ ఆయిల్ వాళ్ల ప్లాంట్ ఉంది, 2022 ఆగస్టులో మొదలైంది, ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్లు తీయాలని పెట్టారు. అంటే టన్నుకు 150 లీటర్లు. మీ ఎనిమిదెకరాల్లో బేలర్‌కి, అంటే గడ్డిని కట్టలు కట్టే యంత్రానికి, ఒక 12 టన్నులు అందినా 1800 లీటర్లు, కాగితం మీద భలే ఉంటుంది. కానీ ఆ ప్లాంట్‌కి అయింది దాదాపు 900 కోట్లు, రెండు లక్షలు కాదు.

ఎందుకంత అంటే, జొన్న కర్ర నమిలితే తీపి తగులుతుంది, వరి పరక గంట నమిలినా తగలదు. చక్కెర లేక కాదు, గొలుసుల్లాగా అల్లుకుపోయి ఉంటుంది, అదే సెల్యులోజ్, ఎండుగడ్డిలో నూటికి 35–40 పాళ్లు ఉంటుంది. దాని చుట్టూ హెమీసెల్యులోజ్ అనే ఇంకో రకం చక్కెర గొలుసులు, ఇటుకల మధ్య సిమెంట్‌లాగా లిగ్నిన్, ఇవి చాలవన్నట్టు ఇసుక లాంటి సిలికా, చాఫ్ కట్టర్ బ్లేడ్లు తొందరగా మొద్దుబారేది అందుకే. మీ బర్రె కడుపులో సూక్ష్మజీవులు ఈ గొలుసుల్ని తెంపుతాయి కాబట్టి అది గడ్డి తిని బతుకుతుంది, మనం బతకలేం. ఫ్యాక్టరీ వాళ్లు అదే పని ఆవిరి, ఆసిడ్, ఎంజైమ్‌లతో చేస్తారు. ఆ ఎంజైమ్‌లు ఎక్కువగా ట్రైకోడెర్మా రకం బూజు నుంచి తీస్తారు, మీరు విత్తనానికి పట్టిస్తారే, దాని జాతిదే. నేను ల్యాబ్‌లో ఒకసారి గడ్డి పొడిని ఆసిడ్‌లో ఉడికిస్తే బెల్లం మాడిన వాసన వచ్చింది, అబ్బో అనుకున్నా, తీరా చూస్తే ఆ మాడిన పదార్థాలే చక్కెరని ఇథనాల్‌గా మార్చే ఈస్ట్‌ని పని చేయనివ్వలేదు. పైగా హెమీసెల్యులోజ్ నుంచి వచ్చే చక్కెర మామూలు ఈస్ట్ ముట్టదు, దానికి వేరే రకం కావాలి.

అంతా అయ్యాక చేతికొచ్చేది ఎక్కువగా నీళ్లే. మామూలుగా బట్టీ పెట్టి ఎంత కాచినా ఇథనాల్ 95 శాతం దగ్గర ఆగిపోతుంది, మిగిలిన నీళ్లు తీయకుండా పెట్రోల్‌లో కలిపితే ట్యాంకులో అడుగున విడిపోయి బండి ఆగిపోతుంది. లైసెన్స్ లేకుండా ఒక్క లీటర్ తీసినా ఎక్సైజ్ వాళ్లకి అది సారానే, పెట్రోల్ కోసం సార్ అంటే నవ్వుతారు కూడా.

మన వైపు కనిపించే ఇథనాల్ ఫ్యాక్టరీలు ఎక్కువగా మక్కలు, నూకలతో నడిచేవి, గడ్డి పట్టుకెళ్తే గేటు దగ్గరే తిప్పి పంపుతారు.

ఇక అంటుపెట్టడం, వద్దు. టన్ను గడ్డిలో 15 కిలోల దాకా పొటాష్ ఉంటుంది, ఎరువు లెక్కలో అర బస్తా ఎంఓపీ (మ్యూరేట్ ఆఫ్ పొటాష్), నత్రజని ఇంకో 5–8 కిలోలు. కాలిస్తే ఆ నత్రజని దాదాపు మొత్తం పొగలోనే పోతుంది. బేలర్ వాళ్లతో రేటు మాట్లాడేటప్పుడు కూడా ఈ పొటాష్ గుర్తుపెట్టుకోండి, మీరు అమ్మేది వట్టి గడ్డి కాదు. నా మాటయితే సగం కట్టించి అమ్మండి, మిగిలింది కొయ్యకాళ్లతో సహా తడి ఉన్నప్పుడు రోటావేటర్‌తో కలియదున్ని ఎకరాకు 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ వేయండి, నాట్లకు కనీసం మూడు వారాల ముందు, లేకపోతే గడ్డి కుళ్లేటప్పుడు పైరు పసుపు రంగుకి తిరిగిపోతుంది.

బర్రెలు ఉంటే కొంత ఉంచుకోండి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా 50–60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి పొరలు పొరలుగా చల్లి, తొక్కి, టార్పాలిన్ గాలి పోకుండా కప్పి 21 రోజులు ఉంచాలి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి కొద్దికొద్దిగా అలవాటు చేయండి, ఆరు నెలల లోపు దూడలకి మాత్రం పెట్టొద్దు.

బేళ్లు కట్టించే ముందు మడి మధ్యలోంచి గుప్పెడు గడ్డి తీసి మెలిపెట్టి చూడండి. పుటుక్కున తెగితే కట్టించండి, మెత్తగా వంగితే ఇంకో ఎండ పడనివ్వండి, తడి మీద కట్టిన బేలు వారంలో బూజు పట్టి లోపల వేడెక్కుతుంది.