వానాకాలంలో లాన్‌కు ఎరువు వద్దంటారెందుకు?

ప్రశ్న: ఫ్లోరిడాలోని పినెల్లస్ కౌంటీలో ఇల్లు కొనుక్కుని రెండేళ్లయింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు నత్రజని, భాస్వరం ఉన్న ఎరువులేవీ లాన్‌కు వేయకూడదని ఇక్కడ నిబంధన. వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాడిని. పదునులో యూరియా చల్లితేనే పైరు అందుకుంటుందని విన్నాను. గడ్డి ఏపుగా పెరిగే రోజుల్లోనే ఎరువు ఆపమనడంలో అర్థమేమిటి? మా లాన్ పసుపు తిరుగుతోంది, ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: పదునులో యూరియా చల్లడం వేరు, చల్లిన మర్నాడే కుండపోత కురవడం వేరు. మీ ప్రాంతంలో ఏడాది వర్షపాతంలో సగానికి పైగా ఈ నాలుగు నెలల్లోనే, అదీ చాలావరకు మధ్యాహ్నం పూట ఉరుములతో విరుచుకుపడే జల్లులుగా కురుస్తుంది. అక్కడి నేలల్లో ఇసుక పాలు ఎక్కువ. నీటిలో ఇట్టే కరిగే నైట్రేట్‌ను ఇసుక పట్టి ఉంచలేదు కనుక, గడ్డి వేళ్లు పీల్చుకునేలోగా అది కిందికి ఇంకిపోతుంది, లేదా పైనీటితో కలిసి వీధి పక్కనున్న తూములోకి చేరుతుంది. ఆ తూము నీరు సాధారణంగా మురుగునీటి శుద్ధి కేంద్రానికి పోదు. ఏ వాగుకో, చెరువుకో, చివరికి సముద్రపు ఖాతానికో చేరుతుంది. గడ్డిని పెంచే నత్రజనే అక్కడ నాచును పెంచుతుంది. నాచు కమ్మితే అడుగున ఉండే సముద్రపు గడ్డికి ఎండ అందదు; ఆ నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ తరిగిపోయి చేపలు చనిపోతాయి.

వేర్లు చురుకుగా ఉండే కాలంలోనే గడ్డి నత్రజనిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి వేసవి నిషేధం సరికాదని వాదించే పచ్చిక నిపుణులూ ఉన్నారు. ఆ మాటలో నిజముంది. అయితే తగిన మోతాదులో, వాన రాని రోజు చూసి, కాలిబాట మీద ఒక్క గింజ పడకుండా చల్లేవారికే అది వర్తిస్తుంది; ఆదివారం తీరిక దొరికింది కదా అని సంచి మొత్తం గుమ్మరించే ఇళ్లు ఎక్కువగా ఉన్నచోట నిషేధమే మేలని నా అభిప్రాయం. మీ కౌంటీలో ఈ నెలల్లో నత్రజని, భాస్వరం ఉన్న లాన్ ఎరువుల అమ్మకం మీద కూడా నిషేధం ఉంది. చలి ప్రాంతాల్లో లెక్క మారుతుంది: మేరీల్యాండ్‌లో నవంబరు 15 నుంచి మార్చి 1 వరకు ఇంటివారు లాన్‌కు ఎరువు వేయకూడదు, ఎందుకంటే నేల గడ్డకట్టి, గడ్డి నిద్రాణమైన ఆ రోజుల్లో వేసినదాన్ని వేళ్లు పెద్దగా పీల్చుకోలేవు.

ఇక మీ లాన్ సంగతి. ముందు దగ్గరగా వంగి చూడండి. పసుపు మచ్చలు మచ్చలుగా మొదలై, ఎండ బాగా తగిలే అంచుల నుంచి పాకుతుంటే అది ఎరువు లోపం కాకపోవచ్చు. సెయింట్ అగస్టీన్ అనే రకం లాన్ గడ్డిని పీల్చి చంపే చించ్ బగ్ పురుగు పని కావచ్చు. లాన్ అంతా సమంగా పాలిపోతే ఇనుము వేసి చూడండి. నిబంధన ఇనుముకు అడ్డు చెప్పదు. సంచి మీది మూడు అంకెల్లో మొదటి రెండూ, అంటే నత్రజనీ భాస్వరమూ, సున్నాలుగా ఉన్నదే తీసుకోండి. సిమెంటు గచ్చు మీద పడితే తుప్పు మరకలు పోవు, జాగ్రత్త. శుద్ధి చేసిన మురుగునీటితో లాన్ తడుపుతున్నట్లయితే, ఆ నీటిలోనే కొంత నత్రజని, భాస్వరం ఉంటాయి కాబట్టి మీరు అనుకున్నంత లోటు ఉండకపోవచ్చు. కోసిన గడ్డిని లాన్ మీదే వదిలేయండి, అదీ ఎరువే. బ్లోయర్‌తో వీధిలోకి మాత్రం తోయకండి.

అక్టోబరులో వేసేటప్పుడు నత్రజనిలో కనీసం సగం నెమ్మదిగా విడుదలయ్యే రకం ఉన్న సంచి కొనండి. వెయ్యి చదరపు అడుగులకు ఒక పౌను నత్రజని వేయాలనుకుంటే, 15-0-15 సంచి (అంటే నత్రజని 15 శాతం ఉన్నది) నుంచి దాదాపు 6.7 పౌన్లు సరిపోతుంది. గచ్చు మీద చిందిన గింజలను గొట్టంతో కడిగేయకుండా చీపురుతో ఊడ్చి తిరిగి గడ్డిలోనే వేయండి.